చిల్లు పడ్డ టిక్కెట్టుకు విలువెంత?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. స్టాంపులు పోగుచేసేవాణ్ణి, పాత నాణేలు దాచుకునేవాణ్ణి లోకం ఏదో ఒకలా మన్నిస్తుంది. "పోనీలే, ఎప్పటికైనా నాలుగు డబ్బులొస్తాయి" అనుకుంటుంది. కాని వాడి పారేసిన రైలు టిక్కెట్లు, గడువు తీరిన టైంటేబుళ్ళు, ఏనాడో తుక్కుకింద పోయిన ఓడల భోజన పట్టికలు, పెట్టెలమీద అంటించే లగేజీ చీటీలు జాగ్రత్త చేసేవాణ్ణి చూస్తే మాత్రం జాలిపడుతుంది. నేను ఆ జాలికి పాత్రుణ్ణయిన వాళ్ళలో ఒకణ్ణి. హాస్టల్లో నా అట్టపెట్టెను చూసి "ఏరా, ఈ చెత్తతో టీ ఇస్తాడా హోటలువాడు?" అని అడగని మిత్రుడు లేడు.

టీ ఇవ్వడు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఇది పనిలేనివాడి పని కాదనీ, సక్రమంగా చేస్తే చరిత్రకు చేసే సేవేననీ, అయితే లోకంలో ఇప్పుడిది సాగుతున్న తీరులో ఒక పెద్ద వంకర ఉందనీ, ఆ వంకర మనబోటి విద్యార్థులు కొంతవరకైనా సరిచేయగలరనీ నా నమ్మకం. నా వాదన వినండి. ఒప్పుకోవాలో లేదో తర్వాత మీ ఇష్టం.

ముందుగా రైలు టిక్కెట్టు కథ. రైళ్ళు పుట్టిన కొత్తలో ఇంగ్లాండులో గుర్రపు బళ్ళ అలవాటు ప్రకారం స్టేషను గుమాస్తా ప్రతి ప్రయాణీకుడికీ ఒక కాగితం మీద చేత్తో రాసిచ్చేవాడు. జనం పెరిగేసరికి చెయ్యి నొప్పి ఒకటి, లెక్కల తికమక ఒకటి. ఎన్ని చీటీలు రాశాడో, ఎంత జేబులో వేసుకున్నాడో కంపెనీకి తెలిసే దారి లేదు. థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఆయన మొదట చెక్క సామాను చేసే పనివాడు. వ్యాపారంలో దివాలా తీసి, 1836 ప్రాంతంలో న్యూకాజిల్-కార్లైల్ రైలు మార్గంలో ఒక చిన్న స్టేషనుకు మాస్టరుగా చేరాడు. ఆయనకు తట్టిన ఉపాయం చాలా తేలికైనది: అట్టముక్కల మీద ఊరు పేరు, తరగతి ముందే అచ్చువేసి, వరుసగా నంబర్లు వేసి, అమ్మేటప్పుడు తేదీ మాత్రం ఒక చిన్న యంత్రంతో గుద్దడం. సాయంత్రం ఆఖరి నంబరు చూస్తే చాలు, ఆ రోజు అమ్మకమంతా తేలిపోతుంది. తరవాత ఆ పద్ధతిని వాడుకున్న కంపెనీల దగ్గర మార్గం పొడవును బట్టి, మైలుకింత అని ఏటా రుసుము పుచ్చుకున్నాడట. పాత అప్పులవాళ్ళందరికీ బాకీలు తీర్చాడని కూడా చెబుతారు.

సుమారు 57 మిల్లీమీటర్ల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ అట్టముక్క ప్రపంచమంతా పాకింది. బ్రిటిష్ రైల్వేలో 1990 వరకు బతికింది. మన దేశంలో ఇంకా ఎక్కువకాలం బతికింది. 2002లో రిజర్వేషను లేని టిక్కెట్లకు కూడా కంప్యూటర్లు రావడం మొదలయ్యాక, ఒక్కొక్క స్టేషనులోనే కనుమరుగైంది. మన తండ్రులు, తాతలు గేటు దగ్గర టిక్కెట్టు కలెక్టరుకు ఇచ్చి వచ్చింది దాన్నే. అందుకే అది సులభంగా దొరకదు. ప్రయాణం ముగియగానే చేతిలోంచి తీసేసుకునే వస్తువు మనదగ్గర మిగలాలంటే ఎవరో మరిచిపోవాలి, లేదా ఎవరో కావాలని దాచుకోవాలి.

అట్టముక్కలో ఏముందయ్యా అంటారా? చాలా ఉంది. మచ్చుకు, దానిమీద "మూడవ తరగతి" అని ఉందనుకోండి. ఆ మూడు అక్షరాల మాట వెనక కోట్లమంది ఉన్నారు. 1853లో బొంబాయి బోరీబందరు నుంచి ఠాణాకు మన మొదటి ప్రయాణీకుల రైలు నడిచింది. 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణాదిన మొదటి రైలు నడిచింది. 1874లో నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఈ రైళ్ళను పోషించింది మూడో తరగతి జనమే, సౌఖ్యం లేనిదీ వాళ్ళకే. గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చాక మూడో తరగతిలో తిరిగి, ఆ అవస్థలమీద రాసినది 1917లో చిన్న పుస్తకంగా వచ్చింది. 1974లో మన రైళ్ళలో మూడో తరగతి అనే పేరు పోయింది. బల్లమీద ఇరుక్కుని కూర్చున్నవాళ్ళు రాత్రికి రాత్రి రెండో తరగతివాళ్ళయ్యారు. ఈ మాట పుస్తకంలో చదివితే ఒక వాక్యం. 1973 నాటి టిక్కెట్టొకటి, 1975 నాటి టిక్కెట్టొకటి పక్కపక్కన పెట్టి చూస్తే కళ్ళకు కట్టిన చరిత్ర.

ఇక ఓడల సంగతి. విమానాలు రాకముందు సముద్రం దాటాలంటే ఓడే గతి. అట్లాంటిక్ మీద ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి కంపెనీలు పంతాలు పోయి పెద్ద ఓడలు కట్టాయి. 1907లో మొదలైన మారిటేనియా వేగంలో దాదాపు ఇరవై ఏళ్ళపాటు, 1929 దాకా, తన మాటే చెల్లించుకుంది. 1935లో ఫ్రెంచివాళ్ళ నార్మండీ వచ్చింది. ఓడ ముక్కును కింద నీటిమట్టం నుంచి తలెత్తి చూస్తున్నట్టుగా కసాండ్ర్ అనే చిత్రకారుడు వేసిన గోడపత్రిక ఓడకంటే ఎక్కువకాలం బతికింది. ఓడ 1942లో న్యూయార్కు రేవులో తగలబడిపోయింది. గోడపత్రిక నేటికీ వేలంపాటల్లో కనిపిస్తూనే ఉంది. 1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు నడవడం మొదలయ్యాక ఓడల కథ పదేళ్ళలో ముగిసింది. క్వీన్ మేరీ 1967లో విరమించుకుని కాలిఫోర్నియాలో లాంగ్‌బీచ్ రేవు చేరి హోటలుగా మారింది. ఆ ఓడల పింగాణీ కంచాలు, వెండి చెంచాలు, రోజుకో రకంగా అచ్చువేసిన భోజన పట్టికలు, ప్రయాణీకుల పేర్ల పుస్తకాలు కొనడానికి అమెరికాలోనూ యూరపులోనూ వేలమంది ఉన్నారు.

ఇక్కడే నేను చెప్పిన వంకర మొదలవుతుంది. టైటానిక్ ఓడలో 1912 ఏప్రిల్ 14న, అంటే మునిగే ముందు మధ్యాహ్నం, మొదటి తరగతివాళ్ళకు పెట్టిన భోజన పట్టిక 2012లో వేలంలో 76,000 పౌన్లకు పోయింది. ఆ ఓడ బ్యాండుమేళం నాయకుడి వయొలిన్ 2013లో 9 లక్షల పౌన్లు పలికింది. వయొలిన్ మాట అలా ఉంచండి. మునిగిపోతున్న ఓడమీద వాయించినవాడి వాయిద్యం చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. కాని ఆ ఓడలోనే మూడో తరగతిలో ఏడువందలమంది దాకా ఉన్నారు. వాళ్ళలో నూటికి డెబ్భైమందికి పైగా మునిగిపోయారు. వాళ్ళు తిన్నదేమిటి, ఏ మూటతో ఎక్కారు, ఏ చీటీ చేతబట్టుకుని ఎక్కారు అని అడిగేవాళ్ళు ఎందరు? పైఅంతస్తు విందుకు ఒక ధర, కింది అంతస్తు గంజికి ఒక ధర! ఓడ మునిగి నూరేళ్ళు దాటినా తరగతులు మాత్రం మునగలేదన్నమాట.

ఇంకో చమత్కారం చూడండి. ఆ మహాసౌధాల్లాంటి ఓడలు గిట్టుబాటు కావడానికి కింది అంతస్తుల్లో కిక్కిరిసి అమెరికా చేరిన పేద వలసజనమే పెద్ద ఆధారం. 1892 నుంచి 1954 వరకు న్యూయార్కు ఎల్లిస్ ద్వీపంగుండా దాదాపు కోటీ ఇరవై లక్షలమంది ఆ దేశంలో అడుగుపెట్టారు. 1921, 1924 సంవత్సరాల్లో అమెరికా చట్టాలు చేసి వలసలు బిగించగానే కంపెనీలకు దిక్కుతోచక, ఆ కింది గదులకే రంగులువేసి "టూరిస్టు" తరగతి అని పేరు పెట్టి, మాస్టర్లకూ విద్యార్థులకూ అమ్ముకున్నాయి. ఈ సంగతులు తెలియాలంటే పైఅంతస్తు భోజన పట్టిక చాలదు. వలసమనిషి చొక్కాకు గుచ్చిన తనిఖీ చీటీ కావాలి.

"అవన్నీ తెల్లవాళ్ళ గొడవలు, మనకెందుకు?" అని ఎవరైనా అనవచ్చు. మనకూ ఉన్నాయి ఓడలు. మన భాషలో రంగూనుకు "రంగం" అని సొంతపేరే ఉంది. పేరు పెట్టుకున్నామంటే ఎందరు వెళ్ళి ఉండాలి! కలకత్తా, రంగూన్ల మధ్య టపా మోయడానికి 1856లో పుట్టిన కంపెనీయే తర్వాత బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అయింది. దాని స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఆగి మనవాళ్ళను ఎక్కించుకునేవి. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల కూలిజనం డెక్కుమీద చాప పరుచుకుని, ఎండకూ వానకూ ఓర్చి బర్మా చేరేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో, రిక్షాల దగ్గర పనిచేశారు. కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్ళు వీళ్ళను కోరంగీలన్నారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె అల్లర్లకు దారితీసి ఎందరో తెలుగువాళ్ళు చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూనుమీద బాంబులు వేశాక, ఓడలో చోటు దొరకని లక్షలమంది భారతీయులు అడవుల్లో కొండల్లో నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకు లెక్కలేదు.

ఈ మహాప్రయాణానికి మనదగ్గర మిగిలిన గుర్తులేవి? ఒక డెక్కు టిక్కెట్టు ఎవరి దగ్గరుంది? ఏ ఇంట్లోనైనా రంగం ట్రంకుపెట్టె ఉంటే అడుగున ఏదో ఒక కాగితం ఉండి ఉంటుంది. ఆ కాగితాలు రెండు దారుల్లో పోతున్నాయి: ఒకటి, కిలోల లెక్కన పాత పేపర్లు కొనేవాడి తక్కెడలోకి, రెండు, భోగి మంటల్లోకి. మా బంధువుల ఇంట్లో ఒక పెద్దాయన పోయాక ఆయన పెట్టెలోని కాగితాలు "పాతవి ఇంట్లో ఉండకూడదు" అని భోగినాడు మంటలో వేశారని నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళను తప్పుపట్టను. పాతచాపా, విరిగిన కుర్చీ, రంగూను కాగితం ఒకటే అని మనకు అందరూ నేర్పారు. తేడా ఉందని ఎవరూ చెప్పలేదు.

బర్మా ఒక్కటే కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మంది కూలీలతో దక్షిణాఫ్రికాలో దర్బాను చేరింది. 1911 దాకా నేటాలుకు అలా వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. వాళ్ళలో తమిళులతోపాటు తెలుగువాళ్ళు ఎందరో. ఆ ఓడల పట్టీల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద ఉన్న మచ్చలు కూడా రాశారు. పైతరగతివాడి కాగితంమీద వాడు తినబోయే పదార్థాల పేర్లు, మనవాడి కాగితంమీద వాడి పుట్టుమచ్చలు! అవమానకరమైన కాగితమే, నిజం. అయినా తమ తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ ఈనాడు దక్షిణాఫ్రికా నుంచి, మారిషస్ నుంచి, ఫిజీ నుంచి వచ్చేవాళ్ళకు ఆ కాగితమే దిక్కు. మారిషస్‌లో మోకా అనే చోట మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలసల రికార్డులు, కూలీల ఫోటోలతో సహా, భద్రపరిచారు. ఫిజీ, గయానా, సూరినాం, ట్రినిడాడ్‌ల కూలీల రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. వెళ్ళిన దేశాలు దాచాయి. పంపిన జిల్లాల్లో మనం ఏం దాచాం?

తలదించుకునే కథలే కాదు, తలెత్తుకునేవీ ఉన్నాయి. చిదంబరం పిళ్ళె 1906లో తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి, తెల్లకంపెనీతో పోటీపడి, 1908లో జైలుపాలయ్యాడు. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీవారి లాయల్టీ అనే ఓడ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. అందుకే ఏప్రిల్ 5 మనకు జాతీయ నౌకా దినోత్సవం. అదే కంపెనీ 1941లో విశాఖపట్నంలో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది వేసింది. అక్కడ కట్టిన జలఉష 1948 మార్చి 14న నెహ్రూగారి చేతులమీదుగా నీళ్ళలోకి దిగింది. ఆనాటి ఆహ్వాన పత్రిక ఒకటి, పనివాడి గేటుపాసు ఒకటి విశాఖలో ఏ ఇంటి అటకమీదనో ఉండకపోదు. నా దృష్టిలో టైటానిక్ భోజన పట్టికకంటే ఆ గేటుపాసు మనకు ఎక్కువ.

నా మాటకు ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు.

మొదటిది: ఇదంతా దొరలకాలం మీద మోజు కాదా? మోజుతో చేస్తే మోజే. మొదటి తరగతి ఇత్తడి దీపం, వెండి చెంచా ఒక్కటే ఏరుకుని డ్రాయింగురూములో పెట్టుకుంటే అది దొరతనానికి దండం పెట్టడమే. మూడో తరగతి టిక్కెట్టు, డెక్కు టిక్కెట్టు, కూలీ పాసు పక్కన పెట్టండి. అప్పుడు ఆ వెండి చెంచాయే నిజం చెప్పడం మొదలుపెడుతుంది.

రెండోది: చరిత్ర పుస్తకాలుండగా చిత్తుకాగితాలెందుకు? దీనికి ఒక ముచ్చట చెబుతాను. గొప్పింటి వ్యవహారాన్ని మనం "పోష్" అంటాం కదా. ఇండియాకు వచ్చే ఇంగ్లీషువాళ్ళు ఎండ తగలకుండా వచ్చేటప్పుడు ఎడమవైపు గది, పోయేటప్పుడు కుడివైపు గది తీసుకునేవారనీ, ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు పి అండ్ ఓ కంపెనీ టిక్కెట్లమీద ముద్రవేసేవారనీ, అందులోంచి ఈ మాట పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి ముచ్చటగా ఉంది. కాని ఎందరో ఎన్నో ఏళ్ళుగా ఆ కంపెనీ టిక్కెట్లు పోగుచేసినా, అటువంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఒక్కటీ బయటపడలేదు. పుస్తకాలు కథ మోశాయి. కాగితాలు కథకు సాక్ష్యం చెప్పలేదు. చిత్తుకాగితం విలువ అదే.

మన సారస్వతంలోనూ ఇటువంటి నిదర్శనం ఉంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో, రైళ్ళు లేని రోజుల్లో, కాశీకి వెళ్ళివస్తూ దారిపొడుగునా విశేషాలు రాశారు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారు ఆ రాతలను కూర్చి 1838లో అచ్చువేయించారు కనుక మనకు కాశీయాత్ర చరిత్ర దక్కింది. యాత్ర చేసినవాడు ఎంత గొప్పవాడో, కాగితాలు పోకుండా చూసినవాడూ అంత గొప్పవాడే.

మూడో అభ్యంతరం: దొంగతనాలు పెరగవా? పెరుగుతున్నాయి, దాన్ని నేను సమర్థించను. స్టేషను బోర్డు ఊడదీసి, బోగీలోని ఇత్తడి పలక విప్పి "కలెక్షను" అనడం దొంగతనమే. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గరుంచుకుంటే శిక్షించడానికి 1966 నాటి చట్టముంది. అలాగే సముద్రం అడుగున టైటానిక్ చుట్టూ ఏరి తెచ్చిన ఐదువేలకు పైగా వస్తువుల విషయంలో, అది సమాధిని తవ్వడమని కొందరూ, నాశనం కాకుండా కాపాడటమని కొందరూ ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నామటుకు నాకు ఒకటే కొలబద్ద: ఇతరులు పారేసినది తీసుకో, ఇచ్చినది తీసుకో, ధర ఇచ్చి కొనుక్కో, ఉన్నచోటినుంచి పీకకు.

మరి ఎలా చేయాలి? డబ్బు అక్కరలేదు. ఆదివారంనాడు హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాతుల మీద పాతపుస్తకాల గుట్టల్లో చెయ్యిపెడితే పుస్తకాల మధ్య గుర్తుగా పెట్టిన టిక్కెట్లు దొరకడం నాకు అనుభవమే. దొరికిన కాగితాన్ని జిగురుతో అంటించకండి. ప్లాస్టిక్ పొరవేసి ఒత్తించకండి. సెల్లోటేపు అసలు పనికిరాదు. ఒక కవరులో పెట్టి, వేరే చీటీ మీద ఎవరిది, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎందుకు వెళ్ళారు, మీకెలా వచ్చింది అని నాలుగు ముక్కలు రాయండి. ఆ నాలుగు ముక్కలు లేని టిక్కెట్టు ఉత్త అట్టముక్క. పెద్దవాళ్ళు బతికి ఉండగానే అడగాలి. తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.

మన కాలం సంగతి కూడా ఆలోచించండి. ఇప్పుడు టిక్కెట్టు ఫోనులో వస్తుంది, ప్రయాణం కాగానే మాయమవుతుంది. బస్సులో చేతిమిషను ఇచ్చే చీటీమీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. ఉద్యోగపరీక్ష రాయడానికి జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వెళ్ళిన మన ప్రయాణాలకు రేపు సాక్ష్యమేది? తాతల కాగితాలు మంటల్లో పోతే, మనవి గాలిలో పోతున్నాయి.

అందుచేత మన విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. లైబ్రరీలో ఒక్క బీరువా అడిగి పుచ్చుకుందాం. ఖరీదైనవి అందులో వద్దు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, భోగికి ముందురోజు, ప్రతివాడూ తమ ఇంట్లో అటకమీది పెట్టె ఒకసారి దింపి చూడాలి. రంగం, మలయా, దర్బాను, బిలాయి, బొంబాయి మిల్లులు, ఎక్కడికి వెళ్ళినవాళ్ళ కాగితమైనా సరే. ఇంటివాళ్ళు ఇస్తే తెచ్చి బీరువాలో పెడదాం. ఇవ్వకపోతే ఫోటో తీసుకుని, వాళ్ళు చెప్పిన మాటలు రాసుకుని వద్దాం. వచ్చే సంవత్సరం ఈ సంచికలో వాటిలో పదింటినైనా అచ్చువేద్దాం. చరిత్ర శాఖ అధ్యాపకులు సాయం చేయరని నేననుకోను.

మొదటి తరగతివాళ్ళ జ్ఞాపకాలు దాచడానికి లోకంలో వేలంపాటలున్నాయి, అద్దాల బీరువాలున్నాయి. మూడో తరగతివాళ్ళకు మనవలు తప్ప ఎవరున్నారు?